ఊపిరి లేని వాద్యం

జూన్ 2, సోమవారం

మోటార్ల వివరాలు రాసుకునే ఈ పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. ప్రసంగాల నోటుబుక్కులో ఈ సంగతులు రాయకూడదు, దాన్ని సంఘం పెద్దలు అప్పుడప్పుడూ అడిగి తీసుకుంటారు. దీన్ని ఎవరూ అడగరు. ఎన్ని చుట్లు, ఏ మందం తీగ, ఎన్ని గుర్రాల మోటారు అని తప్ప ఇందులో ఇంకేముంటుందనుకుంటారు.

కరెంటుతో పుట్టే యంత్ర సంగీతానికి వ్యతిరేకంగా మా సంఘం యువకుల కూటంలో గట్టిగా చెప్పమన్నారు. గట్టిగా చెప్పాలంటే ముందు గట్టిగా తెలియాలి. అందుకే మధ్యాహ్నం నా మోటార్ల రిపేరు షాపు షట్టరు సగం దించి, ఫోన్లో వెతికాను. గ్రంథంలో కూడా వాగ్దాన దేశానికి వెళ్లే ముందు వేగులవాళ్లను పంపలేదా? నేనూ వేగువాణ్ణే. నాకు ఇష్టమై కాదు.

ఇరవై నిమిషాలు చూద్దామని కూర్చున్నాను. షట్టరు ఎత్తేసరికి నాలుగయింది.

జూన్ 3, మంగళవారం

వేగులవాళ్లు ఆ దేశంలో నలభై రోజులున్నారు. నేను ఒక్క రోజుతో తేల్చేస్తే ఎలా.

జూన్ 5, గురువారం

ప్రభువా, ఇది నేననుకున్నది కాదు.

వీడియోలో ఒక ముసలాయన. బీరువా అంత పెట్టె ముందు నిలబడ్డాడు. పెట్టె నిండా మీటలు, ఒక రంధ్రంలోంచి ఇంకో రంధ్రంలోకి రంగు రంగుల తీగలు. ఆయన ఏమీ వాయించడు. ఒక తీగ పీకి ఇంకోచోట గుచ్చుతాడు, మీట ఇంత తిప్పుతాడు, కరెంటు తనంతట తను మూలగడం మొదలెడుతుంది. కింద హోరు, పైన చిన్న చిన్న చినుకులు. నలభై నిమిషాలు నేను కదల్లేదు.

ఇరవయ్యారేళ్లుగా నేను చేస్తున్న పని ఏమిటి? స్క్రూడ్రైవరు మొన మోటారు ఒంటికి ఆనించి, పిడి చెవికి ఆనించి వినడం. బేరింగు ఎండిందా, చుట్టు కాలిందా, లోపల ఏదన్నా రాసుకుంటోందా, అన్నీ చెవితోనే. విప్పకుండా చెబుతానని నాకు పేరు. సెకనుకు యాభై సైకిళ్లు కొట్టే ఆ కరెంటు హోరు నాకు రోగి నాడి. ఈ మనుషులు దాన్నే పాట చేశారు. ఇన్నేళ్లూ నేను కచేరీలో కూర్చుని రోగం వెతుకుతున్నాను.

ఇంకో సంగతి. వీళ్ల బీటు గుండెలాగా కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఉండగా మెల్లగా కింద నుంచి అన్నీ తీసేస్తారు. ముందు బేస్, అంటే అడుగున ఉండే హోరు తీస్తారు, తర్వాత బీటు. ఒక్క సన్నటి శబ్దం మిగులుతుంది. వినేవాడు మెడ చాస్తాడు. అప్పుడు ఒక్కసారిగా అంతా నెత్తిన పడేస్తారు. దీన్ని డ్రాప్ అంటారట. నేను వేదిక మీద ఇరవై ఏళ్లుగా చేస్తున్నదీ ఇదే. గొంతు తగ్గించి, ఇంకా తగ్గించి, ముందు వరసలో పెద్దమ్మలు కూడా ముందుకు వంగేదాకా తగ్గించి, అప్పుడు బల్ల మీద చరుస్తాను.

ఈ పోలిక యువకుల కూటంలో చెప్పకూడదు.

జూన్ 8, ఆదివారం

ఆరాధన అయ్యాక సంఘం పెద్దాయన చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు. ఈ నెల ఇరవై తొమ్మిదిన సర్వసభ్య సమావేశం. ప్రార్థన హాల్లో కరెంటుతో మోగే వాద్యం ఏదీ ఉండకూడదని సంఘం నియమాల్లో రాసి, అందరిచేత చేతులెత్తించి, ఎప్పటికీ మారకుండా చేయాలట. యువకుల కూటం బదులు ఆ రోజు వాక్యం నేనే చెప్పాలట. పోయినేడాది నేను అంటించిన మంట ఇంకా ఆరలేదని, నా నోట అగ్ని ఉందని అన్నాడు. సంతోషించాను. ఒప్పుకున్నాను.

ఇంటికొస్తుంటే మా ఆవిడ అడిగింది, మరి చెల్లెలి సంగతి ఏమిటని. ఆ సంగతి ఇక్కడ రాయను.

రాయవలసింది ఏమీ లేదు కూడా. పోయిన జులైలో ప్రసంగం చెప్పాను. ఊపిరి ఉన్న ప్రతిదీ స్తుతించాలని గ్రంథంలో ఉంది కాబట్టి, ఊపిరి లేని యంత్రం స్తుతించకూడదన్నాను. చెబుతూ చెబుతూ కీబోర్డు ప్లగ్గు పీకాను. వాయిస్తున్నది నా చెల్లెలు. లేచి వెళ్లిపోయింది. పద్నాలుగో ఏట నుంచి అక్కడే వాయించిన మనిషి. పదకొండు నెలలైంది, హాలుకు రాలేదు, మా గడప తొక్కలేదు. నియమం రాసేస్తే ఇక రావడానికి దారే ఉండదని మా ఆవిడ అంటోంది. తనంతట తనే వస్తుందని నేనంటున్నాను. మొండిది.

అంతే. రాయవలసింది ఏమీ లేదు.

జూన్ 11, బుధవారం

ఒక గుంపు దొరికింది. ఇలాంటి సంగీతం చేసేవాళ్లు, వినేవాళ్లు అందులో మాట్లాడుకుంటారు, తాము చేసినవి పెడుతుంటారు. చేరాలంటే పేరు కావాలి. రాగితీగ అని పెట్టుకున్నాను. అక్కడ ఎవరికీ అసలు పేరు లేదు. రేడియో తాత అని ఒకాయన ఉన్నాడు, అందరినీ తిడతాడు, అందరికీ నేర్పుతాడు. నేను బేస్ ఎక్కువగా ఉంటే నాకు ఇష్టమని రాస్తే, ఫోన్ స్పీకరులో బేస్ విన్నానంటున్నావు, కిటికీలోంచి సముద్రంలో ఈదానంటున్నట్టుంది, పో పోయి హెడ్‌ఫోన్లు కొనుక్కో అని రాశాడు.

కొనుక్కున్నాను. సాయంత్రం మళ్లీ మొదటి నుంచీ అన్నీ విన్నాను. ఆయన చెప్పింది నిజం. పాటకు కింద ఇంకో అంతస్తు ఉంది.

జూన్ 12, గురువారం

దొరికింది. ఇన్నాళ్లూ దీనికోసమే వెతికాననిపించేది దొరికింది. ఇప్పుడు మళ్లీ వినాలి, రేపు రాస్తాను.

జూన్ 13, శుక్రవారం

మూగపిట్ట అనే పేరుతో ఎవరో పెట్టారు. పాట పేరు ఊపిరి. ఏడు నిమిషాలు. పద్నాలుగుసార్లు విన్నాను.

మొదట హోరు. తర్వాత దూరం నుంచి ఒక టక్, ఒక టక్. దాని మీద బీటు ఎక్కుతుంది, తొందర లేదు, మెట్లెక్కుతున్న పెద్దమనిషిలా. మూడో నిమిషంలో అన్నీ ఆగిపోతాయి. అప్పుడు ఒక గొంతు. లోతైన గొంతు, నూతి అడుగు నుంచి వస్తున్నట్టు. ఊపిరి, అంటుంది. మళ్లీ, ఊపిరి. ఎనిమిదిసార్లు. మనకు కూడా ఛాతీ ఎగిసి పడుతుంది. తొమ్మిదోసారి చెబుతుంది: ఊపిరి ఉన్నది. అంతా ఒక్కసారి పడుతుంది. బేస్, బీటు, చినుకులు, అన్నీ. నేను బల్ల మీద చరిచాను. ఎదురుగా విప్పి పెట్టిన మోటారు బోల్టులు ఎగిరి కింద పడ్డాయి. మూడు దొరికాయి, నాలుగోది ఇంకా వెతుకుతున్నాను.

ఎవరో దైవజనుడి గొంతు అది, సందేహం లేదు. ఆ పట్టు, ఆ విరుపు మామూలు మనిషికి రాదు. మాటను ఎలా ఆపాలో తెలిసినవాడు. ఎన్నేళ్లు ఉపవాసముండి ప్రార్థిస్తే అలాంటి గొంతు వస్తుంది? నేను ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను, నాకు రాలేదు.

జూన్ 16, సోమవారం

మూగపిట్టకు విడిగా రాశాను. అయ్యా, మీ పాట విని ధన్యుణ్ణయ్యాను, ఆ దైవజనుడు ఎవరు, ఏ సంఘం, ఆయన పూర్తి ప్రసంగం దొరుకుతుందా అని. చివర ఒక మాట చేర్చాను, వృత్తి ధర్మం కాబట్టి: ఆ టక్ టక్ మీరు చేసింది కాదు, ఆ ప్రసంగం జరిగిన చోట పైన ఫ్యాను బేరింగు ఎండిపోయింది, గ్రీజు పెట్టించండి.

గంటలో జవాబొచ్చింది.

"ఆయన మా దగ్గరివాడే. చాలా బాగా చెబుతాడు. కాకపోతే తను చెప్పింది తను వినడు. ఫ్యాను సంగతి రెండేళ్ల నుంచి మొత్తుకుంటున్నాం. మెకానిక్కు తీరిక లేదు."

నవ్వుకున్నాను. ఎక్కడైనా మెకానిక్కులు అంతే. మా హాల్లో ఫ్యానుకు కూడా నేను గ్రీజు పెట్టాలి, గుర్తుంచుకోవాలి.

జూన్ 18, బుధవారం

వాక్యం దొరికింది. వాక్యం దొరికింది. ఉదయం నుంచి నేల మీద నడవడం లేదు.

గ్రంథం మొదట్లోనే, ఎన్నోసార్లు చదివి దాటేసిన చోట. ఒకే తండ్రి బిడ్డలు. ఒకడు తంతి వాద్యాలు, పిల్లనగ్రోవి వాయించేవాళ్లందరికీ మూలపురుషుడు. ఇంకొకడు రాగి, ఇనుము పనిచేసేవాడు. ఒకే ఇంట్లో. సంగీతమూ రాగీ అన్నదమ్ములు. రాగితీగ అని పేరు పెట్టుకున్నది నేను కాదు, ఎవరో నాచేత పెట్టించారు.

ఇది మూగపిట్టకు రాశాను. వేళ్లకు గ్రీజు అంటి ఉంది, గ్రంథంలో ఆ పేజీ అంచున నల్లటి మరక పడింది. పడనీ.

ఇరవై తొమ్మిదో తారీఖు ప్రసంగానికి ఈ వాక్యం పనికిరాదు. అది వేరే విషయం.

జూన్ 19, గురువారం

మూగపిట్ట నుంచి జవాబు. ఆ వాక్యం ఇంకొంచెం కిందికి చదవండి అని ఒక్క ముక్క. ఆ కింద మీ ఇంట్లో ఇంకెవరికైనా సంగీతం వచ్చా అని అడిగాడు.

ఒక చెల్లెలుంది, నాతో మాట్లాడదు, డిపోలో మైకు ముందు కూర్చుని రోజంతా బస్సుల పేర్లు చదువుతుంది, కీబోర్డు కొంచెం నొక్కేది, కానీ మీరు చేసే ఇలాంటి లోతైన పని ఆమెకేం అర్థమవుతుంది అని రాశాను.

కిందికి చదవడానికి తీరిక లేకపోయింది. నీళ్ల పంపు మోటారు అర్జెంటు.

జూన్ 21, శనివారం

మూగపిట్ట జవాబివ్వలేదు. గుంపులో కనబడటం లేదు. ఏమన్నా తప్పు రాశానా అని రెండుసార్లు చదువుకున్నాను. తప్పేమీ లేదు.

ఇరవై తొమ్మిదికి ప్రసంగం రాస్తున్నాను. సగమైంది. బిగ్గరగా చదువుకుంటే ప్రతి వాక్యమూ నాలుగు దెబ్బల్లో పడుతోంది. యంత్రానికి. ఊపిరి. లేదు. వినండి. కాలు దానంతటదే తాళం వేస్తోంది. ఎలా చెప్పేది? యంత్ర సంగీతాన్ని ఖండించే ప్రసంగానికి డ్యాన్సు చేస్తున్నట్టుంది.

జూన్ 23, సోమవారం

మా ఆవిడకు ఆ గొంతు వినిపించాలనిపించింది. ఇంత గొప్ప విషయం ఒక్కణ్ణే దాచుకోవడం పాపం. తను కుట్టు మిషను మీద ఉంది, ఎవరిదో స్కూలు యూనిఫారం. హెడ్‌ఫోన్లు తీసుకెళ్లి తన చెవులకు పెట్టాను. మూడో నిమిషం దగ్గర మొదలుపెట్టాను.

మిషను ఆపలేదు. కాసేపు విని, దారం కొరికి, హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది మీరే కదండీ."

జోకు అనుకున్నాను. మళ్లీ అడిగాను. మీరే, అంది. గొంతు కిందికి లాగారు, నిదానం చేశారు, అయినా మీరే, ఇరవై రెండేళ్లుగా ఈ గొంతుతోనే కాపురం చేస్తున్నాను, బావిలోంచి పిలిచినా గుర్తుపడతాను అంది.

జూన్ 24, మంగళవారం

నేను కాదు. నేనెప్పుడూ ఊపిరి ఉన్నది అనలేదు. లేదనే అన్నాను.

జూన్ 25, బుధవారం

ఉదయం టిఫిన్ దగ్గర మా ఆవిడ తన ఫోను తెచ్చి బల్ల మీద పెట్టింది. నా ప్రసంగాలన్నీ తను రికార్డు చేస్తుంది, నాకు తెలుసు. ఒక్కటీ నేను వినను. చెప్పేవాడికి వినడం ఎందుకు. పోయిన జులైది పెట్టి, మీట నొక్కి, వాకిట్లోకి వెళ్లిపోయింది.

రాయాలి. ఇది రాయకపోతే ఈ పుస్తకం చించి పారేయడం మేలు.

ముందు ఫ్యాను. టక్, టక్. మా హాలు ఫ్యాను. ఎండిన బేరింగు. దేశంలో ఏ మోటారు రోగమైనా చెవితో చెబుతానన్నవాణ్ణి, నెత్తి మీద తిరిగే ఫ్యానును పోల్చుకోలేదు.

తర్వాత నేను. అరుస్తున్నాను. "దీనికి ఊపిరి ఉన్నదా? చెప్పండి. ఊపిరి ఉన్నదా?" అంటున్నాను. కొంచెం ఆగి, "వాక్యంలో రాసి ఉన్నది" అంటున్నాను. రెండు ముక్కలు. ఇందులోంచి ఊపిరి, అందులోంచి ఉన్నది. రెండూ కోసి పక్కపక్కన పెట్టారు. రెండూ నేనన్నవే. నేను అనని మాట ఒక్కటీ లేదు ఆ పాటలో.

వాక్యంలో రాసి ఉన్నదా? గ్రంథం తీసి చూశాను. ఊపిరి ఉన్నవన్నీ స్తుతించాలని ఉంది. లేనివి నోరు మూసుకోవాలని లేదు. ఎక్కడా లేదు. ఆ రెండో సగం నేను చేర్చాను. ఆ అధ్యాయం నిండా వాద్యాలే ఉన్నాయి, బూరలు, తంతులు, తాళాలు. దేనికి ఊపిరి ఉంది వాటిలో? ఇరవై ఏళ్లుగా చదువుతున్నాను.

అది కూడా కాదు నేను రాయాలనుకున్నది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండోసారి విన్నాను. నా అరుపు కింద ఇంకో శబ్దం ఉంది. పలచగా, మెత్తగా. ప్రసంగం చివరికొచ్చేసరికి చెల్లెలు వెనక నుంచి స్వరాలు పట్టి ఉంచేది, మాటకు దిండు వేసినట్టు. ఎప్పుడూ అలాగే చేసేది, అది నా ప్రసంగం బలమే అనుకునేవాణ్ణి. ఆ రోజు కూడా పట్టే ఉంచింది. నేను దీనికి ఊపిరి లేదంటుంటే నా కింద అదే మోగుతోంది. నేను గొంతు పెంచితే అదీ పెరిగింది. నేను తగ్గితే తగ్గింది. వాద్యాన్ని తిడుతున్న మనిషికి చివరిదాకా అండగా వాయించింది. ఆపలేదు. నేనే ఆపాను. టప్ మని ఒక శబ్దం. ప్లగ్గు. ఆ తర్వాత ఫ్యాను, ఎవరివో చెప్పుల అడుగులు, తలుపు.

ఆ పైన ఆమేన్లు.

మా ఆవిడ లోపలికొచ్చింది. ఆ రికార్డింగు చెల్లెలు అడిగిందని, తనే పంపించానని చెప్పింది. ఎప్పుడంటే ఎనిమిది నెలల కిందటట. నాకెందుకు చెప్పలేదంటే, మీరు వింటారని ఎవరనుకున్నారు అంది.

మూగపిట్ట నా చెల్లెలు.

జూన్ 26, గురువారం

ఐదు గుర్రాల మోటారు, తీగ చుట్టే గాళ్లు ముప్పై ఆరు. చుట్లు లెక్క తప్పాను. విప్పి మళ్లీ చుట్టాను. మళ్లీ తప్పాను.

జూన్ 28, శనివారం

వెళ్లాను.

బావ తలుపు తీశాడు. డ్యూటీకి బయలుదేరుతున్నాడు, డ్రైవరు యూనిఫారంలో ఉన్నాడు. నన్ను చూసి, లోపలికి తిరిగి, మీ రూటు బస్సు వచ్చింది, పదకొండు నెలలు ఆలస్యం అని చెప్పి, నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఇల్లు వెనక చిన్న గది. గోడలకు గుడ్ల అట్టలు అంటించింది, శబ్దం తిరిగి రాకుండా. కంప్యూటరు, రెండు స్పీకర్లు, అదే కీబోర్డు. నేను వేదికల మీద వెయ్యిమంది ముందు తడబడని వాణ్ణి. గది గుమ్మంలో నిలబడి గుడ్ల అట్టలు లెక్కపెట్టాను. అలవాటుగా చంకలో గ్రంథం ఉంది. అది చూసి చెల్లెలు, ఏదైనా చదవడానికి వచ్చావా అని అడిగింది. కాదన్నాను. రాగితీగ నేనేనని నీకు ఎప్పుడు తెలిసింది అని అడిగాను.

"ఫ్యాను బేరింగు దగ్గరే. పాట బాగుందని రాసి, కింద రిపేరు చెప్పే మనిషి లోకంలో ఇంకొకడు ఉంటాడా అన్నయ్యా."

మరి ఎందుకు చెప్పలేదన్నాను. చెబితే వినడం మానేస్తావని అంది. నీ అంత గొప్పగా నా పాట గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు, నాలుగు రోజులు ఆ సంతోషం నాకుండనీ అనుకున్నాను అంది. తర్వాత ఆ కీబోర్డు కొంచెం నొక్కే చెల్లెలి సంగతి రాశావు, చదివి కంప్యూటరు కట్టేశాను అంది. కుర్చీ అటు తిప్పుకుంది.

తప్పు చేశాను అన్నాను. గడప మీద కూర్చున్నాను. వాక్యంలో లేనిది చెప్పానని, ఆ రోజు నా కింద నువ్వు వాయించింది ఇప్పుడు విన్నానని చెప్పాను.

అటు తిరిగే చెప్పింది.

"ఆ రోజు నువ్వు ఎంత బాగా చెప్పావో తెలుసా. అదే నా బాధ. చెత్తగా చెప్పి ఉంటే మర్నాడే మర్చిపోయేదాన్ని. వాయిస్తుంటే నాకే నిజమనిపించింది, నా చేతుల్లో ఊపిరి లేదని."



తర్వాత గ్రంథం ఇటివ్వు అంది. ఆ అన్నదమ్ముల వాక్యం తీసి, కింద వేలు పెట్టి చూపించింది. రాగి పనిచేసేవాడికి ఒక చెల్లెలున్నట్టు రాసి ఉంది. పేరు కూడా ఉంది. ఆమె ఏం చేసేదో మాత్రం రాయలేదు. అన్నలు ఏం చేశారో రాశారు. ఆమెది పేరొక్కటే.

ఇదే చదవమన్నాను నిన్ను అంది.

రేపటి సమావేశం సంగతి ఆమెకు తెలుసు. దాని గురించి ఒక్క మాట అడగలేదు. నేనూ ఏమీ మాటివ్వలేదు. వచ్చేటప్పుడు ఆ గొంతును అంత లోతుగా ఎలా చేశావని అడిగాను. చూపించింది. కంప్యూటరు తెర మీద ఒక్క గీత కిందికి లాగడమే. నన్నూ లాగనిచ్చింది. నా గొంతును నా వేలితో లాగాను. గంటన్నర అక్కడే ఉన్నాను, ఇది ఏమిటి, అది ఏమిటి అని. శబ్దాన్ని వడకట్టే ఫిల్టరు మీట తిప్పించింది. తొందరపడకు, నీకు అన్నీ ఒకేసారి తిప్పేయాలని ఉంటుంది అని రెండుసార్లు చెయ్యి మీద కొట్టింది.

జూన్ 29, ఆదివారం

హాలు నిండా జనం. తిన్నగా వేదిక ఎక్కాను. రాసుకున్న కాగితాలు తీయలేదు.

పోయినేడాది ఇక్కడ నిలబడి వాక్యంలో లేని సగాన్ని వాక్యానికి అతికించానని చెప్పాను. ఉన్న సగం చదివాను, లేని సగం ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే దిగిపోతానన్నాను. నా సొంత చెల్లెలు నాకు అండగా వాయిస్తుండగా ప్లగ్గు పీకానని చెప్పాను. ఈ నెలంతా దొంగచాటుగా యంత్ర సంగీతం విన్నానని, మోకాళ్ల మీద ప్రార్థనలో కూడా రాని ఆనందం కొన్నిసార్లు వచ్చిందని కూడా చెప్పాను. ఈ చివరిది అక్కర్లేదేమో. చెప్పేశాను.

ఎవరూ ఆమేన్ అనలేదు. పెద్దాయన లేచాడు. ముఖం కందిపోయింది.

"బ్రదర్, నియమం వద్దని చెప్పడానికి మీ దగ్గర వాక్యం ఏముంది?"

"పోయినేడాది ప్లగ్గు పీకడానికి ఏముందో అదే ఉందండీ. ఏమీ లేదు. అప్పుడు మీరు అడగలేదు."

అలా మాట్లాడకుండా ఉండాల్సింది. కానీ నిజం.

చేతులు ఎత్తించలేదు. సమావేశం వాయిదా వేశారు. బయట ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, ఆ అమ్మాయి వాయిస్తుంటే నాకు వినబడేది నాయనా, నువ్వు అరిస్తే ఏమీ వినబడదు అంది.

జులై 1, మంగళవారం

మూడు నెలలు వేదిక ఎక్కకూడదని కబురొచ్చింది. నియమం కూడా రాయడం లేదట, ఇప్పటికి. కీబోర్డు తిరిగి పెట్టమని కూడా ఎవరూ అనలేదు. చెల్లెలికి చెప్పాను. హాలుకు రాను అంది. ఎప్పటికీనా అంటే, అడగకు అంది.

వేదిక లేకుండా ఇరవై ఏళ్లలో ఇదే మొదటిసారి. బాధపడాలని ఉదయం కాసేపు కూర్చున్నాను. కుదరలేదు. రేడియో తాత పెట్టిన కొత్త ముక్కలో బేస్ అంత అద్భుతంగా ఉంది.

జులై 5, శనివారం

చెల్లెలు రమ్మంది. మైకు ముందు కూర్చోబెట్టింది. కొత్త పాటకు నా గొంతు కావాలట, ఈసారి అడిగి తీసుకుంటుందట. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. సహోదరులారా, అనగానే ఆపేసింది.

"ప్రసంగం వద్దు. ఆ రోజు నేను తలుపు వేసుకుని వెళ్లిపోయాక ఏం జరిగిందో చెప్పు. నాకెవరూ చెప్పలేదు."

నేనూ ఎవరికీ చెప్పలేదు. రికార్డింగు కూడా ఆమేన్ల దగ్గరే ఆగిపోయింది. చెప్పాను.

అందరం లేచి నిలబడ్డాం. ముగింపు పాట ఎత్తుకోవాలి. ఎప్పుడూ ఆమె ఒక స్వరం నొక్కితే అందరం అందుకునేవాళ్లం. స్వరం లేదు. ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. చివరికి నేనే ఎత్తుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో నాకేం తెలుసు. ఆకాశంలో మొదలుపెట్టాను. రెండో చరణానికి ఆడవాళ్లు అందుకోలేక ఆగిపోయారు. మూడో చరణానికి మగవాళ్లు. పెద్దాయన ఒక్కడే నాతో మిగిలాడు, మెడ నరాలు తేలి, తలుపు సందులో తోక చిక్కిన పిల్లిలాగా. నేను తగ్గలేదు. తగ్గితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఐదు చరణాలూ అక్కడే పాడాను.

చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేసింది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకుని లేచాను. నవ్వుతోంది. ఊపిరాడక నవ్వుతోంది. ఎక్కడ ఎత్తుకున్నావో పాడి చూపించు అంది. పాడాను. మళ్లీ నవ్వింది. ఇంకోసారి అంది. ఆరుసార్లు పాడించింది. మైకు ఆపడం ఇద్దరం మర్చిపోయాం.

జులై 8, మంగళవారం

డిపోలో భోజనం వేళ చెల్లెలు కొత్త పాటలో నాలుగు సెకన్లు పంపింది. నాలుగే. ముందు తన నవ్వు, ముక్కలు ముక్కలుగా కోసి, బీటులాగా. దాని పైన ఎక్కడో, అందని చోట, నేను. ఇంతలో అయిపోయింది.

ముప్పైసార్లు విన్నాను. ఫోన్ చేసి తర్వాత ఏముందని అడిగాను. శనివారం రా అంది. ఇంకో నాలుగు సెకన్లు పంపమన్నాను. పంపనంది. రెండు సెకన్లు అన్నాను. రాగితీగ గారూ, బస్సు అనౌన్స్ చేయాలి, ఫోన్ పెట్టేయండి అంది.

ఇవాళ ఇంకా మంగళవారం.